చింతచెట్టు దిగిన దెయ్యం

తెలుగు దెయ్యానికి ఇల్లంటే మహా ప్రీతి. విఠలాచార్య ‘జగన్మోహిని’లో పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేసిన దెయ్యాన్ని 1978లో చూసినవాళ్లు ఇప్పటికీ మనవళ్లకు వర్ణించి చెబుతుంటారు. ‘అరుంధతి’లో పశుపతి గద్వాల కోటను పట్టుకుని వేలాడాడు. ‘గీతాంజలి’కి అపార్ట్‌మెంటు కావలసి వచ్చింది. ‘రాజుగారి గది’ పేరులోనే గది ఉంది. ‘ఆనందో బ్రహ్మ’లోనైతే అమ్మకానికి పెట్టిన ఇంటి చుట్టూనే కథంతా. స్థిరాస్తి మీద మక్కువలో మన దెయ్యాలు మనకేం తీసిపోవు. ఇల్లు దొరకని దెయ్యం చింతచెట్టు ఎక్కుతుంది. లేదా పాడుబడ్డ బావిలోనో, శ్మశానంలోనో, పొలిమేర రాయి పక్కనో కాలక్షేపం చేస్తుంది. ఏది చూసినా ఊరికి కూతవేటు దూరమే.

ఎందుకంటే మన దెయ్యం పరాయిది కాదు. పురిట్లో పోయిన కోడలు, గట్టు తగాదాలో తల పగిలిన పాలివాడు, పెళ్లి కుదరక నూతిలో దూకిన పిల్ల. బతికుండగా వాళ్లకు జరిగిన అన్యాయం ఊళ్లోనే జరిగింది, బాకీ ఊళ్లోనే ఉంది. వసూలు చేసుకోవాలంటే ఊరి అంచునే కాచుకుని ఉండాలి. నలభై మైళ్లు నడిచి అడవిలో కూర్చుంటే అక్కడ దాని గోడు ఎవరు వింటారు?

కథల్లో అడవికి మనం వేరే పనులు అప్పగించాం. రాముడు అక్కడ పద్నాలుగేళ్లు కాపురం చేశాడు. మునులు పర్ణశాలలు వేసుకున్నారు. అహోబిలం నరసింహస్వామి చెంచుపిల్లను మనువాడి ఆ అడవికి అల్లుడయ్యాడు. చెంచులు ఇప్పటికీ ఆయన్ని ఆ వరసతోనే తలుచుకుంటారు. ఇక విక్రమార్కుడి భుజమ్మీద వేలాడే శవం సంగతంటారా, ‘చందమామ’లో శంకర్ వేసిన ఆ బొమ్మను నెలనెలా చూసి పెరిగిన పిల్లలకు అందులో భయం కన్నా చిక్కుప్రశ్నే ఎక్కువ గుర్తు. బేతాళుడు మనిషిని పీక్కుతినడు. కథ చెప్పి తీర్పు అడుగుతాడు. మాస్టారు మీద ఉన్న భయమే ఆయన మీదా ఉండేది.

అలాంటి మన దెయ్యం ఈమధ్య చింతచెట్టు దిగి అడవి దారి పట్టింది. ఓటీటీలో ఏ భాష హారర్ సినిమా తెరిచినా మొదటి షాట్ డ్రోన్ మీంచి తీసిన చెట్ల తలలే. వాటి మధ్య దారంలాంటి రోడ్డు, దాని మీద చీమలాంటి కారు. హిందీ ‘భేడియా’ అరుణాచల్ అడవుల్లోకి వెళ్లింది. మలయాళ ‘భ్రమయుగం’ అడవిలో పరుగెత్తే ఇద్దరు మనుషులతో మొదలైంది (అక్కడా కథ చివరికి ఒక పాడుబడ్డ ఇంటికే చేరిందనుకోండి). మన ‘విరూపాక్ష’ ఊరి పేరే రుద్రవనం. ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. కాకపోతే ఈ అడవి భయం ఎక్కడ పుట్టింది, ఎవరి భయం, మనకు ఎలా అబ్బింది అని ఓసారి ఆలోచిస్తే సరదాగా ఉంటుంది, కొంచెం ఇబ్బందిగానూ ఉంటుంది.

రాబర్ట్ ఎగర్స్ 2015లో తీసిన ‘ది విచ్’ ఆ పుట్టుక దగ్గరికే తీసుకెళుతుంది. కాలం 1630 ప్రాంతం. ఇంగ్లండు నుంచి అమెరికా తీరానికి వచ్చిన ప్యూరిటన్ కుటుంబం ఒకటి మతం విషయంలో తోటివాళ్లతో పేచీపడి, వెలివేత తెచ్చుకుని, అడవి అంచున గుడిసె వేసుకుంటుంది. మొక్కజొన్న పండదు. వలలో కుందేలు పడదు. పెద్దకూతురు పసివాడితో దోబూచులాడుతూ కళ్లు మూసి తెరిచేసరికి దుప్పటి మీద పిల్లవాడు ఉండడు. గజాల దూరంలో చెట్లు నిలబడి ఉంటాయి, అంతే. ఎగర్స్ ఆ చెట్లను పొడుగ్గా చూపించడం కోసం ఇప్పటి సినిమాలకన్నా వెడల్పు తక్కువున్న చట్రం ఎంచుకున్నాడు. లోపలి దృశ్యాలు చాలావరకు కొవ్వొత్తి వెలుతురులోనే తీశాడు. న్యూ ఇంగ్లండు కథే అయినా షూటింగ్ మాత్రం కెనడాలోని ఆంటారియోలో జరిగింది.

ఆ కుటుంబం దృష్టిలో అడవి సాతాను జాగీరు. అది వాళ్లు ఓడలో తెచ్చుకున్న నమ్మకం. ఆ అడవిలో అప్పటికే తరతరాలుగా మనుషులున్నారు. వాంపనోగ్ తదితర తెగలవాళ్లు మొక్కజొన్న వేసుకున్నారు, వేటకు వీలుగా పొదలను తగలబెట్టి చెట్ల కింద నేలను చక్కబెట్టుకున్నారు. 1616 నుంచి మూడేళ్లపాటు తీరాన్ని ఊడ్చేసిన అంటురోగానికి ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. తర్వాత వచ్చినవాళ్లకు అవి పాడుపడిన దిబ్బల్లా, చెట్లు అలుముకున్న చీకటిలా కనిపించాయి. ఒకరి పెరడు ఇంకొకరికి దెయ్యాల దిబ్బ అయింది. ఎగర్స్ సినిమాలో ఆ పెరటివాళ్లు దాదాపు కనిపించరు. సినిమా మంచిదే. కానీ అమెరికా అడవి హారర్ మూడువంతులు ఈ లోటు మీదే నిలబడి ఉంది. అక్కడ కెమెరా ఎప్పుడూ కొత్తగా వచ్చినవాడి వెంటే వస్తుంది, అతను పోగానే ఆగిపోతుంది.

ఈ మాటకు అన్నిటికన్నా నిక్కచ్చి ఉదాహరణ ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’. మేరీలాండ్ రాష్ట్రంలో బర్కిట్స్‌విల్ అనే చిన్న ఊరి పక్క అడవిలో మంత్రగత్తె మీద డాక్యుమెంటరీ తీయడానికి వెళ్లిన ముగ్గురు విద్యార్థులు 1994లో మాయమయ్యారు, ఏడాది తర్వాత వాళ్లు తీసిన ఫిల్ములు దొరికాయి, మీరు చూస్తున్నది అదే అంటుంది సినిమా. డేనియల్ మిరిక్, ఎడ్వర్డో సాంచెజ్ అనే ఇద్దరు కుర్ర దర్శకులు దీన్ని 1997 అక్టోబరులో 8 రోజుల్లో తీశారు. చాలాభాగం తీసిన సెనెకా క్రీక్ పార్కు కారడవేం కాదు, వాషింగ్టన్ శివార్లలోనే ఉంది.

తీసిన పద్ధతి చూడండి. హెదర్ డోనహ్యూ, జోషువా లెనార్డ్, మైకేల్ విలియమ్స్ అనే ముగ్గురు నటుల చేతికి కెమెరాలు ఇచ్చి అడవిలోకి వదిలేశారు. ఏ పూట ఎక్కడికి చేరాలో జీపీఎస్ యంత్రం చెబుతుంది. చేరిన చోట డబ్బాలో ఎవరి చీటీ వాళ్లకు ఉంటుంది, ఒకరి చీటీ ఒకరు చూడకూడదు. సంభాషణలు వాళ్లే కల్పించుకోవాలి. రోజురోజుకీ తిండి తగ్గించారు. రాత్రి వాళ్లు నిద్రపోయాక దర్శకులు డేరా చుట్టూ చేరి కొమ్మలు విరిచారు, టేప్‌రికార్డర్లో చిన్నపిల్లల గొంతులు వినిపించారు, ఉన్నట్టుండి డేరా పట్టుకుని ఊపారు. తెరమీద ఆ ముగ్గురి కళ్లలో కనిపించే అలసట, చిరాకు, ఆకలి చాలావరకు నిజమైనవే. నేపథ్య సంగీతం లేదు. చెట్లకు వేలాడే పుల్లల బొమ్మలు, పొద్దున లేచేసరికి డేరా ముందు పేర్చిన రాళ్ల కుప్పలు. చివరిదాకా మంత్రగత్తె ఒక్క క్షణమైనా కనిపించదు.

అందరూ చివరి దృశ్యం గురించి మాట్లాడతారుగానీ, ఆ సినిమాలో అసలు భయపెట్టేవి వేరే రెండు చోట్లున్నాయి. దారి దొరకని విసుగులో మైక్ మ్యాపును కాలవలోకి తన్నేస్తాడు. ఆ సంగతి తానే ఒప్పుకుని పిచ్చినవ్వు నవ్వుతాడు. ఇంకోరోజు ముగ్గురూ పొద్దస్తమానం దక్షిణం వైపే నడుస్తారు. సాయంత్రానికి వాగు మీద అడ్డంగా పడిన ఒక మాను దగ్గరికి చేరతారు. పొద్దున బయల్దేరింది ఆ మాను దగ్గర్నుంచే. అక్కడ హెదర్ ఏడుస్తుంటే ప్రేక్షకుడికి మంత్రగత్తె గుర్తుకు రాదు. తిరుపతి కొండ మీద జనంలో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్లవాడి గుండెదడ గుర్తొస్తుంది.

చిత్రీకరణకు లక్ష డాలర్లైనా కాని ఆ సినిమా ప్రపంచమంతా తిరిగి 24 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. ప్రచారం కోసం ముగ్గురూ కనిపించడం లేదని పోస్టర్లు వేశారు. నటులు సొంత పేర్లతోనే నటించడంతో జనం నిజమేననుకున్నారు, హెదర్ తల్లికి ఓదార్పు కార్డులు పంపారు. బర్కిట్స్‌విల్ వాళ్లకు వచ్చిన తిప్పలు ఇంకోరకం. ఊరి పేరున్న బోర్డులను అభిమానులు పీకి పట్టుకుపోయారు. పాపం, ఆ ఊళ్లో మంత్రగత్తె కథే లేదు, దర్శకులు కల్పించిందే. పాతికేళ్ల తర్వాత 2024లో ఆ ముగ్గురు నటులూ తమకు న్యాయంగా రావలసిన ప్రతిఫలం ఇప్పించమని బహిరంగంగా అడగాల్సి వచ్చింది.

‘బ్లెయిర్ విచ్’కు 18 ఏళ్ల ముందే శామ్ రైమీ ‘ఈవిల్ డెడ్’లో ఇంకో దారి తొక్కాడు. టెనెసీ రాష్ట్రంలో ఓ పాడుబడ్డ కొయ్యగది, చుట్టూ చలికాలపు అడవి, చేతిలో డబ్బులేదు. దెయ్యాన్ని చూపించే స్తోమత లేక దెయ్యం చూపునే చూపించాడు. పొడవాటి చెక్కకు కెమెరా బిగించి, చెరోవైపు ఒకరు పట్టుకుని చెట్ల మధ్య పరుగెత్తితే, నేలబారుగా దూసుకొచ్చే ఆ చూపు ఎవరిదో తెలియక హాలంతా కుర్చీల్లో వెనక్కి జరిగింది. మన రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’లో కెమెరాతో చేసిన పనులు చూసినవాళ్లకు ఆ చుట్టరికం వెంటనే తెలుస్తుంది. 2009లో ఆయన తీసిన ‘అజ్ఞాత్’ తెలుగులో ‘అడవి’ పేరుతోనే వచ్చింది. నితిన్ హీరో. శ్రీలంక అడవుల్లో తీశారు. షూటింగ్‌కు వెళ్లిన సినిమా యూనిట్ కెమెరా చెడిపోయి, ఖాళీ దొరికి, తోచుబాటు కోసం అడవి లోపలికి నడుస్తుంది. ఏదో వాళ్లను ఒక్కొక్కరినే మింగుతుంది. ఆ ఏదో ఏమిటో వర్మ చివరిదాకా చూపించలేదు, చాలామందికి కోపం వచ్చింది. ఆ పట్టుదల మెచ్చుకోదగ్గదే. కానీ ఒక్క సంగతి గమనించాలి. దారి చూపించడానికి వెంట వచ్చిన మనిషి మొదట్లోనే పోతాడు. అడవి తెలిసినవాడు బతికుంటే కథ నడవదు మరి. దారి తప్పడానికి వీలుండదు, ప్రతి చప్పుడుకీ అతని దగ్గర సమాధానం ఉంటుంది.

ఆ చప్పుళ్ల సంగతి, దానికన్నా ముందు చీకటి సంగతి కొంచెం చూద్దాం. మన కంటితెర నట్టనడుమ, సూటిగా చూసినప్పుడు బొమ్మ పడే చోట, మసక వెలుతురును పసిగట్టే దండకణాలు ఉండవు. అవన్నీ చుట్టుపక్కల ఉంటాయి. అందుకే చీకట్లో దేన్నైనా తేరిపార చూస్తే అది మాయమవుతుంది. చూపు పక్కకు తిప్పితే మళ్లీ కనిపిస్తుంది. చుక్కలు చూసేవాళ్లకు ఇది పాత చిట్కా, అడవిలో మొదటిసారి రాత్రి గడిపేవాడికి మాత్రం ప్రాణసంకటం. కనుకొసలో నిలబడిన మనిషి తల తిప్పగానే పొద అయిపోతాడు. పక్కకు తిరిగితే మళ్లీ నిలబడతాడు. చెవి ఇంకో మోసం చేస్తుంది. సినిమాల్లో అడవి రాత్రి నిశ్శబ్దంగా అనిపిస్తుందిగానీ నిజం అడవిలో చెవులు చిల్లులు పడతాయి. కీచురాళ్లు, ఇలకోళ్లు, కప్పలు, పైడికంటెలు. సౌండ్ ఇంజనీర్ల కిటుకంతా ఆ రొదను పరిచి పెట్టి, సరైన క్షణంలో తుంచేయడంలో ఉంది. రొద ఆగితే మన మెడమీద వెంట్రుకలు లేస్తాయి. దగ్గర్లో ఏదో కదిలితేనే పురుగులు ఊరుకుంటాయని మన ఒంటికి ఎప్పుడో తెలుసు.

నల్లమలలో పుట్టిపెరిగినవాడు ఇదే చీకటిని ఇంకోలా చదువుకుంటాడు. కొండముచ్చు దగ్గినట్టు అరిచిందంటే చెట్టు మీంచి దానికి ఏదో కనిపించింది. కణుజు బూర ఊదినట్టు అరిచి, ఆగి, మళ్లీ అదే వైపు అరిస్తే పులి నడుస్తోంది. పుట్ట పక్కన ఎవరో పెద్ద గొట్టంతో గాలి పీలుస్తున్నట్టు వినిపిస్తే ఎలుగుబంటి చెదలు తింటోంది, పక్కకు తప్పుకోవాలి. కొత్తవాడికి ఈ మూడు చప్పుళ్లూ మూడు దెయ్యాలు. చెంచులకు భయం లేదని ఎవరూ అనకూడదు. ఎలుగు పంజా దెబ్బకు ముఖం చెదిరినవాళ్లు అడవి పల్లెల్లో ఉన్నారు. కాకపోతే వాళ్ల భయానికి పేరూ ఊరూ దిక్కూ ఉంటాయి.

తపసి చెట్టు ఒక్కటి చాలు ఈ తేడా చెప్పడానికి. వేసవికి ముందే ఆకంతా రాల్చేసి, కాగితంలాంటి తెల్లటి బెరడుతో రాళ్లగుట్ట మీద ఒంటరిగా నిలబడుతుంది. వెన్నెల పడితే ఆ తెలుపు మిలమిల మెరుస్తుంది. చేతులు చాచినట్టు కొమ్మలు. సినిమా ఆర్ట్ డైరెక్టరెవరైనా చూస్తే ఇంక సెట్ వేయక్కర్లేదు, కింద పొగ వదిలితే సరి. చెంచులు మాత్రం ఆ చెట్టు దగ్గరికి గొడ్డలితో వెళతారు. మానుకు గంటు పెడితే కారే బంక ఎండాక గిరిజన సహకార సంస్థకు అమ్ముకుంటారు. గంటు లోతైతే చెట్టు చచ్చిపోతుంది, పైపైన పెడితే బంక రాదు. ఎంత లోతు పెట్టాలో చేతికి తెలియాలి. ఆ బంక మందుల్లోకి, తినుబండారాల్లోకి పోతుంది, కట్టుడు పళ్లు చిగుళ్లకు అంటిపెట్టుకుని ఉండే పొడిలోకీ పోతుంది. వెన్నెల్లో మనల్ని హడలగొట్టిన చెట్టు ఎక్కడో ఓ పెద్దాయన నోట్లో పళ్లు ఊడకుండా కాపలా కాస్తూ ఉంటుంది.

మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో వచ్చింది. వాళ్లు అడవితల్లిగా కొలిచే గారెల మైసమ్మ గురించి అందులో ఉంది. వేట దొరికితే ఆమె వాటా ఆమెకు పెట్టాలి. అడవిలో కంటికి కనిపించనిది ఒకటి ఉందని చెంచులూ నమ్ముతారు, హాలీవుడ్డూ నమ్ముతుంది. ఒకరు దానికి ముద్ద పెడతారు, ఇంకొకరు దాన్నుంచి పారిపోతారు. మాఘ పున్నమికి మేడారం వెళ్లినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చిలకలగుట్ట మీంచి పూజారి సమ్మక్కను కుంకుమభరిణె రూపంలో తెస్తుంటే పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపి ప్రభుత్వ లాంఛనాలతో ఎదురేగుతారు. ఆ రాత్రి అడవిలోంచి ఏదో వస్తోందని లక్షలమంది కాళ్లు నొప్పులు పుట్టేలా నిలబడి ఎదురుచూస్తారు. పిల్లల్ని భుజాల మీదికి ఎక్కించుకుని మరీ చూపిస్తారు.

ఇలాంటి చూపుతో సినిమా తీయలేమా అంటే, థాయ్ దర్శకుడు అపిచాట్‌పాంగ్ వీరసేతకుల్ తీసి చూపించాడు. 2010లో కాన్ ఉత్సవంలో పామ్ డోర్ గెలిచిన ‘అంకుల్ బూన్మీ’లో కిడ్నీ జబ్బుతో చివరి రోజులు గడుపుతున్న రైతు రాత్రి వరండాలో భోజనానికి కూర్చుంటాడు. పక్క కుర్చీలో ఎప్పుడో పోయిన భార్య మెల్లమెల్లగా కనిపిస్తుంది. కాసేపటికి మెట్లెక్కి ఒళ్లంతా వెంట్రుకలతో, ఎర్రగా మెరిసే కళ్లతో ఒక ఆకారం వస్తుంది. తప్పిపోయిన కొడుకు. అడవిలో కోతిదెయ్యాల్లో కలిసిపోయాడు. ఇంట్లోవాళ్లు ఒక్కక్షణం ఉలిక్కిపడి, ఆపైన జుట్టెందుకింత పెరిగిందని అడుగుతారు, కుశలప్రశ్నలు వేస్తారు. ఆ సినిమా తీసిన ఈశాన్య థాయ్‌లాండ్ ప్రాంతంలోనే 1960లలో సైన్యం కమ్యూనిస్టుల కోసం ఊళ్ల మీద పడితే మగవాళ్లు అడవిలోకి పారిపోయారు. అడవిలోంచి ఎర్రకళ్లతో తిరిగొచ్చే కొడుకు అక్కడి ప్రేక్షకుడికి ఎవరెవరిని గుర్తుచేస్తాడో ఊహించుకోవచ్చు.

ఈ కథ వింటుంటే మనకూ కొన్ని గుర్తుకు రావాలి. తెలుగు మైదానాల వాళ్లు మన్యానికి భయపడింది మొదట చలిజ్వరానికి. దోమ చేసిన ఆ పనికి ఎన్ని శక్తుల పేర్లు పెట్టారో. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి మనిషికి ఖాకీ భయం పట్టుకుంది. పోడు కొడితే నేరం, కట్టె కొడితే నేరం. అల్లూరి మన్యంలో తుపాకి పట్టిన 1922-24 నాటికి భయం దొరల వైపుకీ తిరిగింది. చెట్టు చాటున ఎవరున్నారో తెలియని భయం. ఆ తర్వాతి దశాబ్దాల్లో రాత్రిపూట తలుపు కొట్టింది అన్నలో పోలీసులో తెలియక ఊపిరి బిగపట్టిన పల్లెలు నల్లమల నుంచి ఏటూరునాగారం దాకా ఉన్నాయి. తెలుగు సినిమాలో అడవి అంటే చాలాకాలం వీళ్లే. ఇప్పుడు ఎర్రచందనం కూలీలు, స్మగ్లర్లు చేరారు. ఇంతమంది బతికున్న మనుషులు చెట్ల చాటున తిరుగుతుంటే దెయ్యానికి అక్కడ జాగా ఏదీ?

మరి ఇప్పుడెలా దొరికింది? మనం దూరమైపోయాం కాబట్టి. వారాంతంలో రాజమండ్రి వైపు నుంచి ఘాట్ ఎక్కే కార్లను మారేడుమిల్లిలో చూడాలి. బొంగు చికెన్ తినడం, ‘పుష్ప’ తీసిన చోట ఫొటో దిగడం, పాటలు గట్టిగా పెట్టడం. పొద్దు గుంకగానే అంతటి హుషారూ చల్లబడి, గది బయట దీపం రాత్రంతా ఉంచమని కుర్రాడిని బతిమాలడం. చెట్ల పేర్లు తెలియవు, పిట్ట గొంతు తెలియదు. తెలియని చోట భయం ఉండడం సహజమే, సినిమావాడు దాన్ని అమ్ముకోవడమూ సహజమే. నాలుగు వందల ఏళ్ల కిందట ఓడ దిగిన ప్యూరిటన్ ఎలా నిలబడ్డాడో మనమూ మన అడవి ముందు ఇప్పుడు అలాగే నిలబడుతున్నాం. తేడా ఒక్కటే, మన చేతిలో ఫోను ఉంది, సిగ్నల్ లేదు.

భయం అమ్మకంలో ఎక్కడ ఆగాలన్నది ఇంకో ప్రశ్న. జపాన్‌లో ఫుజి పర్వతం పక్కన అవోకిగహర అనే అడవి ఉంది. క్రీ.శ. 864లో పర్వతం కక్కిన లావా గడ్డకట్టిన నేల మీద పెరిగింది. రాయిలో వేరు దిగదు కాబట్టి వేళ్లన్నీ పైనే పాముల్లా పాకి ఉంటాయి, నాచు కప్పేస్తుంది. బుడగల రాయి చప్పుడును పీల్చేస్తుంది. ఆ లావా గుహల చల్లదనంలో ఒకప్పుడు పట్టుపురుగుల గుడ్లు దాచుకునేవాళ్లు. ప్రపంచానికి ఈ సంగతులేవీ తెలియవు. అక్కడ ప్రాణాలు తీసుకునేవాళ్లున్నారన్నదే తెలుసు. స్థానిక అధికారులు లెక్కలు ప్రకటించడం మానేశారు, దారి మొదట్లో ప్రాణం విలువ గుర్తుచేసే బోర్డు పెట్టారు. అయినా 2016లో హాలీవుడ్ ‘ది ఫారెస్ట్’ అనే దెయ్యాల సినిమా తీసింది. అక్కడ కుదరదు గనక సెర్బియాలోని టారా జాతీయవనంలో తీసి జపాన్ అని చూపించింది. 2017 చివర ఒక అమెరికన్ యూట్యూబర్ అక్కడి అభాగ్యుడి మృతదేహాన్నే వీడియోలో పెట్టి లోకమంతటితో తిట్లు తిన్నాడు. అది సినిమాలు నేర్పిన చూపే. చెట్టు కింద ఎవరో ఒకరి అన్నయ్య ఉంటాడని ఆ చూపుకు తట్టదు.

మన ‘విరూపాక్ష’ ఆ చూపుకు ఒక మెట్టు పైనే మొదలైంది. చేతబడి చేశారన్న అనుమానంతో ఊరివాళ్లు ఒక జంటను కాల్చి చంపడం మొదటి దృశ్యం. అది కల్పన అనడానికి లేదు, అలాంటి వార్తలు మన జిల్లా పేజీల్లో ఇప్పటికీ చదువుతున్నాం. పాపం ఊరిది, బాకీ ఊరిది. అచ్చ తెలుగు దెయ్యం కథ. కానీ చివరికొచ్చేసరికి క్షుద్రశక్తి నిజమేనని సినిమా ఒప్పుకోవడంతో ఆ కాల్చినవాళ్ల అనుమానానికి ఎంతోకొంత బలం వచ్చినట్టయింది. అంత బాగా తీసిన సినిమాలో అది కలుక్కుమంటుంది.

అడవిని లోపలినుంచి చూడాలంటే, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఇప్పటికే బోలెడు కెమెరాలు ఉన్నాయి. పులుల లెక్క కోసం దారికి అటొకటి ఇటొకటి, మోకాలెత్తున చెట్టుకు కట్టి పెడతారు. పులికి రెండు పక్కలా చారలు వేరుగా ఉంటాయి కాబట్టి రెండు కావాలి. ఏ వెచ్చటి ఒళ్లు ముందునుంచి కదిలినా అదే ఫొటో తీసుకుంటుంది. అర్ధరాత్రి ముళ్లపంది వెన్ను, దుప్పి సగం ముఖం, ఎలుగు వెనకభాగం, మెరిసే రెండు కళ్లు, ఒక్కోసారి తలమీద మోపుతో నడిచే మనిషి. వెనక నటుడు లేడు, దారి తప్పినవాడు లేడు. అడవి కాపలాకు అక్కడ చెంచు వాచర్లున్నారు. మన దర్శకుల్లో ఎవరైనా కథ రాసుకునే ముందు వాళ్లలో ఒకరి పక్కన కూర్చుని ఆ ఫొటోలు తిరగేస్తే బాగుంటుంది. ఏది దేని వెనక వెళ్లిందో, ఏది ఎందుకు ఆగి చూసిందో ఆయన చెబుతాడు. ఆయన్నే ముఖ్యపాత్రగా పెట్టుకుని, ఆయనకు భయం వేసే సంగతేమిటో అడిగి తెలుసుకుని సినిమా తీస్తే మొదటి ఆట టికెట్ మేమే కొంటాం. ఇంటర్వెల్ లోపు ఆయన్ని చంపకూడదన్నది ఒక్కటే షరతు.